మూడు బంతుల డబ్బాతో పని కాదు: పాంపే జబ్బులో ఊపిరి కండరాల కసరత్తు ఎలా ఉంటుంది?

కరోనా పోయినా మన ఇళ్లలో ఒక వస్తువు మిగిలిపోయింది. ప్లాస్టిక్ డబ్బా, లోపల మూడు బంతులు, పక్కన ఒక పైపు. కొన్ని ఇళ్లలో అది పిల్లల ఆటవస్తువు అయిపోయింది. ఆ రోజుల్లో చాలామంది దాన్ని ఊదేవాళ్లు. నిజానికి అది ఊదేది కాదు, పీల్చేది. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు పైకి లేవాలి.

ఈ మధ్య దూరపు బంధువుల ఇంటికి వెళ్తే అదే డబ్బా మళ్లీ కనిపించింది. ఆ ఇంటి పెద్దకొడుకు, ఎలక్ట్రికల్ షాపు నడిపే భాయ్, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెమటలు పట్టేదాకా దాన్ని లాగుతున్నాడు. ఆయనకు పాంపే అనే అరుదైన కండరాల జబ్బు ఉందని కిందటేడాది తేలింది. అంతకుముందు కొన్నేళ్లు ఆస్తమా అనుకుని పఫ్ వాడారు. "డాక్టర్ ఊపిరి ఎక్సర్‌సైజ్ చేయమన్నాడు తమ్ముడూ. మెడికల్ షాపులో అడిగితే ఇది ఇచ్చారు. చేసినాక ఇంకా నీరసపడిపోతున్నాడు" అంది భాభీ.

డాక్టర్ చెప్పింది వేరు, షాపులో ఇచ్చింది వేరు. బీకాం చదివిన నాకు కూడా ఇది ముందు తెలియదు. డాక్టర్లను, ఫిజియోథెరపిస్టులను అడిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

జబ్బు ఏమిటి

1932లో నెదర్లాండ్స్‌కు చెందిన పాంపే అనే డాక్టర్, గుండె విపరీతంగా పెరిగి చనిపోయిన ఒక పసిపాప శరీరాన్ని పరీక్షించి ఈ జబ్బు గురించి మొదటిసారి రాశాడు. అందుకే ఆయన పేరు పెట్టారు. మన కండరాలు చక్కెరను గ్లైకోజన్ రూపంలో దాచుకుంటాయి. కణం లోపల చిన్న సంచుల్లోకి చేరిన గ్లైకోజన్‌ను కరిగించడానికి ఒక ఎంజైమ్ ఉంటుంది. పాంపే ఉన్నవారిలో ఆ ఎంజైమ్ అసలు ఉండదు, లేదా చాలా తక్కువగా ఉంటుంది. గ్లైకోజన్ పేరుకుపోయి కండరం లోపల్నుంచి పాడవుతుంది.

ఎంజైమ్ పూర్తిగా లేకపోతే పసితనంలోనే గుండె దెబ్బతింటుంది. మందు ఇవ్వకపోతే ఆ పిల్లల్లో చాలామంది ఏడాది నిండకముందే చనిపోతారు. కొంచెం మిగిలి ఉంటే జబ్బు చిన్నప్పుడైనా, 30 ఏళ్లకైనా, 50 దాటాకైనా బయటపడొచ్చు. ముందు నడుము, తొడల కండరాలు తగ్గుతాయి. మెట్లు ఎక్కడం కష్టం. సజ్దా నుంచి లేచేటప్పుడు చేతులు తొడల మీద ఆనించి లేవాల్సి వస్తుంది. ఇంట్లో వాళ్లు "బద్ధకం", "బరువు పెరిగాడు" అంటారు.

కాళ్లు ఇంకా నడుస్తుండగానే ఊపిరి కండరం బలహీనపడటం ఈ జబ్బులో ఉన్న ప్రత్యేకమైన ప్రమాదం. షాపుకు నడిచి వెళ్లగలిగే మనిషి రాత్రి వెల్లకిలా పడుకోలేడు.

పడుకుంటే ఎందుకు ఆడదు

ఊపిరితిత్తులకు సొంత కండరం లేదు. వాటి కింద గొడుగులా ఉండే డయాఫ్రమ్ కిందికి దిగితేనే గాలి లోపలికి వస్తుంది. నిమిషానికి 14 సార్లు అనుకున్నా రోజుకు 20 వేల సార్లు పని చేస్తుంది. దానికి సెలవు లేదు, నిద్రలో కూడా.

నిలబడినప్పుడు, కూర్చున్నప్పుడు పొట్టలో ఉన్నవన్నీ కిందికి జారతాయి కాబట్టి డయాఫ్రమ్‌కు పని తేలిక. పడుకోగానే ఆ బరువంతా ఛాతీ వైపు నెడుతుంది. బలహీనమైన డయాఫ్రమ్ దాన్ని తోయలేదు. వంగినా అంతే, రుకూలో ఆయాసం రావడానికి కారణం ఇదే. భాయ్ మూడేళ్లుగా మూడు దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నాడు. ఆ సంగతి ఏ డాక్టర్‌కూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

అందుకే ఊపిరి పరీక్షను కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి చేయాలి. ఆరోగ్యంగా ఉన్నవారికి పడుకున్నప్పుడు గాలి పరిమాణం మామూలుగా 10 శాతం లోపే తగ్గుతుంది. 25 శాతానికి మించి పడిపోతే డయాఫ్రమ్ మీద గట్టి అనుమానం పెట్టుకోవాలి. పడుకోబెట్టి చేసే పరీక్ష చాలా చోట్ల తమంతట తాము చేయరు. మనమే అడగాలి.

పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మత్తు, రాత్రి పదేపదే మెలకువ... ఇవి రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక రక్తంలో పెరుగుతోందనడానికి గుర్తులు. ఇక్కడ మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పెట్టడం. వేలికి పెట్టే మీటర్‌లో అంకె బాగానే కనిపిస్తుంది, అందరూ ఊరటపడతారు. కానీ కండరం బలహీనంగా ఉన్నప్పుడు తక్కువైంది గాలి ఆడటం. ఒట్టి ఆక్సిజన్ ఇస్తే లోపల కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరిగి మనిషి మత్తులోకి జారిపోవచ్చు. ఇలాంటివారికి చాలాసార్లు కావాల్సింది మాస్కుతో గాలిని నెట్టే బైపాప్ మెషిన్. సొంతంగా సిలిండర్ పెట్టకండి.

కసరత్తు అంటే ఏది

మూడు బంతుల డబ్బా ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులు ముడుచుకోకుండా నిండుగా పీల్చడానికి పనికొస్తుంది. కండరానికి కొలిచి బరువు పెట్టడం దానివల్ల కాదు. మెల్లగా లాగి, వేగంగా లాగి ఎలాగోలా బంతిని లేపొచ్చు.

ఊపిరి కండరాల ట్రైనింగ్‌కు వాడే పరికరం అరచేతిలో పట్టే గొట్టం. లోపల స్ప్రింగ్ ఉన్న వాల్వ్ ఉంటుంది. నిర్ణయించిన ఒత్తిడితో లాగితేనే వాల్వ్ తెరుచుకుని గాలి వస్తుంది, లేకపోతే ఒక్క చుక్క గాలి రాదు. జిమ్‌లో 5 కిలోల డంబెల్‌కు, 10 కిలోల డంబెల్‌కు తేడా ఉన్నట్టు దీని మీద అంకెలు ఉంటాయి. పీల్చడానికి ఒకటి, ఊదడానికి ఒకటి వేరుగా ఉంటాయి.

ముందు మన బలం ఎంతో కొలవాలి. మూసేసిన గొట్టంలోంచి శక్తి కొద్దీ లాగితే ఎంత ఒత్తిడి వచ్చిందో మీటర్ చూపిస్తుంది. దీన్ని సెంటీమీటర్ల నీటి ఒత్తిడిలో చెబుతారు. ఆరోగ్యంగా ఉన్న మగవారిలో అది సుమారు 100 ఉంటుంది, ఆడవారిలో కొంత తక్కువ. ఒక పేషెంట్‌కు 40 వచ్చిందనుకోండి. 30 శాతంతో మొదలుపెడితే స్ప్రింగ్ 12 దగ్గర పెడతారు. 60 శాతానికి తీసుకెళ్తే 24. ఈ లెక్క ప్రతి మనిషికీ వేరు. పక్కవాళ్ల అంకె మనకు పనికిరాదు. బలం మారినకొద్దీ ఫిజియోథెరపిస్ట్ మళ్లీ కొలిచి అంకె మార్చాలి. ఒకసారి కొని ఇంట్లో పెట్టుకుని అలాగే లాగుతూ ఉంటే అది ట్రైనింగ్ అవదు.

నిజంగా పని చేస్తుందా

ఒకప్పుడు కండరాల జబ్బు ఉన్నవారిని కసరత్తు చేయొద్దనేవాళ్లు. ఉన్న కండరం కూడా చిరిగిపోతుందని భయం. ఆ భయం పూర్తిగా తప్పు కూడా కాదు. కండరం ఇప్పటికే తన శక్తినంతా శ్వాసకే ఖర్చు పెడుతుంటే, దాని మీద ఇంకో బరువు పెట్టడం ప్రమాదమే. చేతిలో మిగులు లేనివాడికి కొత్త ఈఎంఐ తగిలించినట్టు.

అమెరికాలో నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీ దీని మీద ఎక్కువ పని చేసింది. పాంపేకి ఎంజైమ్ మందు తయారవడానికి దారితీసిన పరిశోధన జరిగిన చోటు కూడా అదే. పెద్ద వయసులో బయటపడిన పాంపే ఉన్న పదిమందికి లోపు పేషెంట్లతో అక్కడ 12 వారాలు పీల్చే, ఊదే కసరత్తు చేయించారు. రెండు బలాలూ పెరిగాయి. తర్వాత ఇంకొంతమందితో అసలు పరీక్ష పెట్టారు: సగం మందికి నిజమైన పరికరం, సగం మందికి బరువు లేని ఉత్తుత్తి పరికరం. ఎవరికి ఏది ఇచ్చారో పేషెంట్లకు తెలియదు, కొలిచేవాళ్లకూ తెలియదు. ఊదే బలం నిజమైన పరికరం వాడినవారిలో స్పష్టంగా ఎక్కువ పెరిగింది. పీల్చే బలంలో, నడిచే దూరంలో మాత్రం రెండు గుంపులకూ తేడా తేలలేదు.

ఈ చివరి వాక్యాన్ని పరికరాలు అమ్మేవాళ్లు చెప్పరు. అలాగని ఊదే బలం చిన్న విషయం అనుకోవద్దు. దగ్గు రావాలంటే అదే కావాలి. ఈ జబ్బులో మామూలు జలుబు న్యుమోనియాగా మారేది కఫం బయటికి నెట్టలేకే. గట్టిగా దగ్గగలగడం ఒక చలికాలం ఆసుపత్రి పాలు కాకుండా కాపాడవచ్చు.

మొత్తం మీద నాకు అర్థమైంది ఇది. ట్రైనింగ్ జబ్బును తగ్గించదు. మందుకు, బైపాప్‌కు బదులు కాదు. జబ్బు మరీ ముదరకముందు, కొంత బలం ఇంకా మిగిలి ఉన్నప్పుడు, కొలిచి చేస్తే ఉపయోగం కనిపిస్తోంది. చేసిన పరీక్షలన్నీ చిన్నవే. పాంపేలో వచ్చిన ఫలితాన్ని డూషెన్ లాంటి వేరే కండరాల జబ్బులకు అలాగే అంటగట్టకూడదు.

ఇంట్లో చేసేటప్పుడు

డ్యూక్ పద్ధతిలో వారానికి ఐదు రోజులు, ప్రతిసారీ కొన్ని పదుల శ్వాసలు, మధ్యలో విశ్రాంతి ఉంటాయి. మిగతా రెండు రోజులు సెలవు. ఆ సెలవు కూడా ట్రైనింగ్‌లో భాగమే. కండరం బాగుపడేది అప్పుడే. "ఎక్కువ చేస్తే ఎక్కువ బలం" అని భాయ్ రోజూ చేసుకుంటూ పోయాడు, ఫలితం భాభీ చెప్పింది.

నిటారుగా కూర్చుని చేయాలి. ముక్కుకు క్లిప్ పెట్టాలి, లేకపోతే తెలియకుండానే ముక్కుతో పీల్చేస్తాం. తల తిరిగితే ఆపేయాలి. చేసిన తర్వాత ఆయాసం చాలాసేపు తగ్గకపోయినా, మరుసటి రోజు మామూలు కంటే నీరసంగా ఉన్నా బరువు ఎక్కువైందని అర్థం, ఫోన్ చేసి చెప్పాలి. జ్వరం, ఛాతీ ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చేయకూడదు. ఊపిరితిత్తికి ఎప్పుడైనా చిల్లు పడినా, దగ్గితే రక్తం పడినా, ఈమధ్య ఆపరేషన్ అయినా ముందే చెప్పాలి. పాంపే ఉన్న కొందరిలో మెదడు రక్తనాళాలు ఉబ్బడం కూడా చూశారు కాబట్టి, అలాంటిది ఉందని తెలిస్తే గట్టిగా ముక్కే కసరత్తు ఏదైనా డాక్టర్ అనుమతితోనే.

కడుపు నిండా తిన్న వెంటనే వద్దు, నిండిన పొట్ట డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది. రంజాన్‌లో రోజా సంగతి డాక్టర్‌తో మాట్లాడుకోండి. ట్రైనింగ్ వరకైతే ఇఫ్తార్ తర్వాత ఒకటి రెండు గంటలు ఆగి పెట్టుకోవచ్చు. పరికరం ఒక మనిషిదే, ఇంట్లో అందరూ నోట్లో పెట్టుకునేది కాదు.

మందు లెక్క

ఎంజైమ్ మందు 2006లో వచ్చింది. రెండు వారాలకోసారి నరం ద్వారా, జీవితాంతం. మోతాదు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. 2010లో ప్రచురించిన 90 మంది పేషెంట్ల పరీక్షలో 78 వారాల తర్వాత మందు తీసుకున్నవారి ఊపిరి సామర్థ్యం దాదాపు నిలకడగా ఉంది, తీసుకోనివారిలో తగ్గింది. అంటే మందు ఉన్నదాన్ని నిలబెడుతుంది, పోయినదాన్ని పెద్దగా తిరిగి తేదు. త్వరగా కనిపెట్టాలనేది అందుకే.

60 కిలోల మనిషికి ఒక్కసారికి 1,200 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు 24. ఏడాదికి 26 సార్లు, మొత్తం 624 సీసాలు. మన దేశ అరుదైన జబ్బుల విధానం 2021లో వచ్చింది. పాంపే దాని మూడో గ్రూపులో ఉంది. గుర్తించిన కేంద్రాల్లో ఒక్కో పేషెంట్‌కు 50 లక్షల దాకా సాయం ఇవ్వాలని 2022లో మార్చారు. 50 లక్షలను 624తో భాగిస్తే సీసాకు 8 వేలు. అసలు ధర అంతకంటే చాలా ఎక్కువ. పెద్దవాళ్లకు ఈ డబ్బు ఎన్నాళ్లు వస్తుందో మీరే లెక్క వేసుకోండి. అయినా దరఖాస్తు చేయకుండా ఉండొద్దు. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిపి ఆ కేంద్రాల్లో ఒకటి.

అనుమానం ఉంటే మొదటి పరీక్ష పెద్దదేం కాదు. కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలో ఎంజైమ్ ఎంత ఉందో చూస్తారు. తక్కువ వస్తే జన్యు పరీక్ష. సీకే అనే రక్త పరీక్ష ఎక్కువగా వచ్చి, కారణం తెలియక వదిలేసిన రిపోర్టులు ఇంట్లో ఉంటే బయటికి తీయండి. భాయ్ రిపోర్టుల్లో అలాంటిది ఒకటి ఐదేళ్ల కిందటిది దొరికింది.

ఇంకో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు రావాలి. తల్లిదండ్రులు ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, వాళ్లకు తెలియనే తెలియదు. ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గరి బంధువుల్లో సంబంధాలు చేసుకునే ఇళ్లలో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. మన ఖాలా, మామూ పిల్లల పెళ్లిళ్లయినా, పక్కింటివాళ్ల మేనరికాలైనా లెక్క ఒక్కటే. ఇందులో కోడలి తప్పు, అత్తింటి తప్పు అనేది లేదు. ఇంట్లో ఒకరికి తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పరీక్ష చేయించాలి.

భాయ్‌కు ఒక తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్లు. తమ్ముడు పరీక్షకు ఒప్పుకున్నాడు. చిన్న చెల్లికి సంబంధాలు చూస్తున్నారు, పరీక్ష మాట ఎత్తితే ఎక్కడ చెడిపోతుందోనని అమ్మీ ఇంకా ఆలోచిస్తోంది. ఆ అమ్మాయి కూడా ఈమధ్య రెండు దిండ్లు అడుగుతోందట.