మనసుకు తగిలిన గాయం - సమాజపు మౌనం

తెలంగాణ పల్లెలలో వయసు మళ్ళినవారు పాత సంగతులను సంవత్సరాల లెక్కన చెప్పరు. బోధన్, రుద్రూర్ ప్రాంతపు చెరకు పల్లెలలోనూ అంతే. "పోలీసు యాక్షన్‌కు ముందు", "పోలీసు యాక్షన్ అయిన ఏడు" అంటారు. పుట్టుకలకు, పెళ్ళిళ్ళకు, భూముల చేతులు మార్పిడికి అదే కొండగుర్తు. అయితే ఆ ఏడు ఇంట్లో ఏం జరిగిందని పిల్లలు అడిగితే మాట అక్కడే ఆగిపోయే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఒక సంఘటన కాలాన్నే రెండుగా చీల్చినా దాని గురించి నోరు పెగలకపోవడమే మానసిక గాయానికి మొదటి లక్షణం.

గాయానికి పేరు దొరికిన విధం

శరీరానికి దెబ్బ తగిలితే నెత్తురు కనబడుతుంది. మనసుకు తగిలిన దెబ్బను వైద్యశాస్త్రం అంగీకరించడానికి చాలా కాలం పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పైకి ఏ గాయమూ లేకుండానే వణికిపోతున్న సైనికుల గురించి 1915లో బ్రిటిష్ వైద్యుడు ఛార్లెస్ మైయర్స్ రాసిన వ్యాసంతో "షెల్ షాక్" అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది. కాని సైన్యం అటువంటివారిలో చాలామందిని పిరికివారుగానే చూసింది. పారిపోయారని, పిరికితనం చూపారని కాల్చి చంపబడిన 306 మంది సైనికులకు బ్రిటిష్ ప్రభుత్వం 2006లో గాని మరణానంతర క్షమాభిక్ష ప్రకటించలేదు.

వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన అమెరికన్ సైనికులు ఒకచోట కూడి తమ అనుభవాలను చెప్పుకోవడం మొదలుపెట్టిన తర్వాతనే, 1980లో అమెరికన్ మనోవైద్య సంఘం దీనిని ఒక రుగ్మతగా తన గ్రంథంలో చేర్చింది. జరిగినది పీడకలగా తిరిగి రావడం, దానిని గుర్తుచేసే చోట్లను, మాటలను తప్పించుకోవడం, మనసు మొద్దుబారడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం దీని ముఖ్య లక్షణాలు.

ఈ చరిత్ర చెప్పేది ఒకటే. వినేవారు ఉన్నప్పుడే గాయానికి పేరు దొరుకుతుంది. వినేవారు లేనప్పుడు అది పిరికితనంగానో, పిచ్చిగానో, చేతబడిగానో చెలామణీ అవుతుంది.

ముస్లిం వైద్యుల దృష్టి

ఇంతకు వెయ్యేళ్ళ ముందే అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) తన "మసాలిహుల్ అబ్దాని వల్ అన్ఫుస్" గ్రంథంలో శరీరారోగ్యంతో పాటు మనసు ఆరోగ్యానికీ ఒక భాగం కేటాయించారు. కోపం, భయం, దుఃఖం, వస్వాస్‌లను విడివిడిగా చర్చించారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా కమ్ముకునే దుఃఖం వేరు అని గుర్తించారు. మనసు జబ్బుపడడాన్ని ఆయన విశ్వాస లోపంగా కాక చికిత్స చేయదగిన స్థితిగా చూశారు.

దివ్యఖుర్ఆన్‌లోని హజ్రత్ యాఖూబ్ (అలై) గాథ ఇక్కడ గమనించదగినది. కుమారుడు యూసుఫ్ (అలై) ఎడబాటుతో ఏడ్చి ఏడ్చి ఆయన చూపు పోయింది. ఇంకా ఎంతకాలం తలచుకుంటావని ఇంటివారే తప్పుపట్టారు. అయినా ఆయన తన బాధను అల్లాహ్‌తో మొరపెట్టుకోవడం మానలేదు. ఆయన సహనానికి మారుపేరు. కనుక సబ్ర్ అంటే నోరు మూసుకోవడమని అర్థం చెప్పుకోవడం పొరపాటు.

1948: ఒక సమూహపు గాయం

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. ఆ సమయంలోనూ ఆ తర్వాతి వారాలలోనూ అనేక జిల్లాలలో ముస్లింలపై హత్యలు, లూటీలు, స్త్రీల అపహరణలు, బలవంతపు మతమార్పిడులు జరిగాయి. విచారణ కొరకు పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ తదితరులను పంపారు. సంస్థానం మొత్తంలో 27 వేల నుండి 40 వేల మంది వరకు చనిపోయి ఉంటారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అందరికంటె ఎక్కువ నష్టపోయాయి. వీటిలో నాందేడ్, బోధన్‌కు పడమట మంజీర దాటితే వచ్చే జిల్లాయే. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. కొన్ని భాగాలు మాత్రం బయటికి పొక్కాయి. 2013లో గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది పాఠకులకు అందుబాటులోకి రాలేదు.

ప్రాణనష్టం ఒక ఎత్తయితే జీవనాధారం కూలిపోవడం మరొక ఎత్తు. సర్కారు కొలువులు పోయాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1918లో స్థాపించబడి ఉర్దూలో బోధించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆ మాధ్యమం తొలగిపోయింది. జాగీర్ల రద్దు రైతుకు మేలు చేసిందనడంలో సందేహం లేదు. కాని జాగీరుదారుతో పాటు అతని కొలువులో బ్రతికిన పేద ముస్లిం కూడా దిక్కులేనివాడయ్యాడు.

1972లో అమెరికాలోని బఫెలో క్రీక్ వరదలో 125 మంది మరణించినపుడు సమాజ శాస్త్రజ్ఞుడు కై ఎరిక్సన్ బాధితులను పరిశీలించి, వ్యక్తికి తగిలే గాయం వేరు, మనుషులను కలిపి ఉంచే బంధాలకు తగిలే గాయం వేరు అని 1976లో వివరించారు. 1948 గాయం ఈ రెండవ కోవకు కూడా చెందుతుంది. అపహరణకు గురైన స్త్రీ పేరు పరువు కొరకు ఇంట్లో ఎత్తకపోవడం, అనుమానిస్తారనే భయంతో బయట మాట్లాడకపోవడం - ఈ రెండు మౌనాల మధ్య ఒక తరం పెరిగింది. పిల్లలకు కథ అందలేదు, భయం మాత్రం అందింది.

నిజం మొత్తంగా చెప్పాలి

గాయం మానాలంటే నిజాన్ని సగం చెబితే చాలదు. రజాకార్ల దౌర్జన్యాలకు బలైన పల్లెలు కూడా ఇదే నేల మీద ఉన్నాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు పదుల సంఖ్యలో గ్రామస్థులను కాల్చి చంపారు. ఆ ఇళ్ళలోని తల్లుల దుఃఖమూ దుఃఖమే. తన వారి గాయాన్నే చెప్పి ఎదుటివారి గాయాన్ని దాచేవాడు న్యాయానికి సాక్షి కాలేడు. సుందర్‌లాల్ నివేదికలోనే మరొక సంగతి ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు తమ తోటి ముస్లిం నేతపనివారిని ప్రాణాలకు తెగించి కాపాడారు. ఈ సంగతి కూడా పిల్లలకు అందవలసినదే.

నాడు పదేళ్ళ వయసున్నవారు ఇప్పుడు తొంభైకి చేరువలో ఉన్నారు. వారిని గుచ్చి గుచ్చి అడగరాదు. బలవంతాన చెప్పించడం గాయాన్ని రేపడమే. వారంతట వారు మొదలుపెట్టినపుడు తీరికగా కూర్చుని వినడం, ఒప్పుకుంటే ఊరి పేరు, పోయినవారి పేర్లు రాసి ఉంచడం ఇంటివారు చేయగల పని. నిద్ర పట్టక, ఉలికిపాటుతో బాధపడేవారికి దుఆతో పాటు వైద్యుని సలహా కూడా అవసరం. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా లభిస్తుంది.

పోయినవారి పేర్లు తెలిసిన చివరి మనిషి మౌనంగానే వెళ్ళిపోతే ఆ పేర్లతో దుఆ చేయడానికి కూడా ఎవరూ మిగలరు.