పిజ్జా బిల్లు.. బీడీల లెక్క!
సోలాపూర్ సాలె వాడల్లో ఇటలీ రుచులు

సోలాపూర్: ఇంట్లో పిల్లల పుట్టినరోజు వచ్చిందంటే ఒకప్పుడు సేమియా పాయసం. చేతిలో నాలుగు పైసలుంటే మటన్. ఇప్పుడు పొద్దున లేస్తూనే పిల్లల నోట ఒకటే మాట.. పిజ్జా! సాకర్‌పేట, దాజీపేట, కన్నా చౌక్, అశోక్ చౌక్.. సోలాపూర్ తూర్పు భాగంలో మనోళ్లు దట్టంగా ఉండే ఏ వాడకెళ్లినా ఇదే ముచ్చట. మరమగ్గాల చప్పుడు వినబడే సందుల నుంచే సాయంత్రానికి కుటుంబాలు ఆటో ఎక్కి ఇటలీ వంటకాలు దొరికే హోటళ్లకు బయల్దేరుతున్నాయి. బడికి పోతే మరాఠీ, బజారుకు పోతే హిందీ, గడప లోపల తెలుగు మాట్లాడే ఈ జనానికి పాస్తా, గార్లిక్ బ్రెడ్ అనే మాటలు కూడా నోటికి అలవాటైపోయాయి.

అక్కడ కూర్చున్నాక కథ వేరే. పిల్లలు జున్ను తీగల్లా సాగదీసి నవ్వుతుంటే, పక్కన నాయనమ్మ అది రొట్టా, కూరా తేల్చుకోలేక చూస్తుంటుంది. "ఉల్లిగడ్డ లేదా బిడ్డా, జర కారం తెమ్మను" అనే మాట ఏదో ఒక బల్ల దగ్గర వినబడక మానదు. ఎండుమిర్చి పొట్లాలు ఒకటికి నాలుగు చింపితే గానీ పెద్దలకు ముద్ద దిగదు. కత్తి, ముల్లు చెంచా పక్కకు జరుగుతాయి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇటలీలోని నేపుల్స్ వీధుల్లోనూ పిజ్జాను మడిచి చేత్తోనే తింటారు.

నాజూకు తిండి కాదు

నిజానికి పిజ్జా దొరల తిండి కానేకాదు. నేపుల్స్ రేవు పట్టణంలో కూలీలు, బీదలు నిలబడి తిని పనికి పోయే తిండి అది. ఆ పిజ్జా చేసే విద్యకే 2017లో యునెస్కో గుర్తింపు దక్కింది. పాస్తా సంగతీ అంతే. శనగలతో కలిపి ఉడకబెట్టిన పాస్తా ఇటలీ పల్లెల్లో కడుపు నింపే కూడు. సోలాపూర్‌లో మరాఠీ ఇళ్లల్లో చేసే 'వరణ్‌ఫళ్' తిన్నవారికి ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. గోధుమ పిండిని చపాతీలా ఒత్తి, ముక్కలుగా కోసి, పప్పులో ఉడికించేదే అది. కొందరు చకోల్యా అంటారు. పక్కింటి నుంచి నేర్చుకుని మన తెలుగు ఇళ్లల్లోనూ వండుతారు. ఇంట్లో అమ్మ అది పెడితే మూతి తిప్పుకునే పిల్లలు, బయట దాని చుట్టానికి డబ్బులు పెట్టి తింటున్నారు!

బిల్లు వచ్చినప్పుడు మాత్రం ఇంటి ఆడవాళ్ల లెక్క రూపాయల్లో సాగదు, బీడీల్లో సాగుతుంది. సోలాపూర్ తెలుగు వాడల్లో మగవారిది మగ్గమైతే ఆడవారిది బీడీ. తునికాకు, తంబాకు కంపెనీ ఇస్తుంది. ఇంటికి తెచ్చుకుని, ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి తిరిగి అప్పజెప్పాలి. బాగాలేవని పక్కన పెట్టినవి పోను మిగిలినవాటికే కూలీ. ఆ కూలీ కూడా వెయ్యి బీడీల లెక్కన కడతారు. పొద్దుందాకా వంగి కూర్చుని వెయ్యి చుట్టినా, వచ్చిన పైసలు ఒక పెద్ద పిజ్జాకు చాలవు. నలుగురు కడుపునిండా తినాలంటే రెండు మూడు రోజుల చేతి కష్టం బల్ల మీద పెట్టినట్టే. అయినా తీసుకెళ్తారు. ఏడాదికి ఒకసారైనా, రెండుసార్లైనా. పిల్లలు బడిలో తోటివాళ్ల ముందు చిన్నబోవద్దన్నదే తల్లుల ఆరాటం.

పిజ్జా కంటే ముందు ఖానావళి

బయట తినడం ఈ ఊరి సాలెలకు కొత్త కాదు. 1877లో ఇక్కడ బట్టల మిల్లు పెట్టారు. జనం దాన్ని 'జూనీ మిల్లు' అంటారు. అప్పుడే 1876-78 నాటి పెద్ద కరువు దక్కన్‌ను కాల్చేసింది. నిజాం ఇలాకాలోని కరీంనగర్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పద్మశాలీలు మూటాముల్లె కట్టుకుని పడమరకు నడిచారు. ఆ తర్వాతా తరం తరం వలస సాగింది. ఒంటరిగా వచ్చిన మగాళ్లకు దిక్కు ఖానావళే. నెలకింత అని ముందే మాట్లాడుకుంటే రెండు పూటలా జొన్న రొట్టె, పప్పు, శనగపిండితో చేసే పిఠ్లం, పచ్చి ఉల్లిగడ్డ, పల్లి చట్నీ. ఇంటి ముందు గదే హోటలు, వంట చేసే ఇల్లాలే యజమాని. ముంబయిలో ఇలా మిల్లు కార్మికులకు వండిపెట్టే ఆడవాళ్లను కూడగట్టి ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ నెలకొల్పారు. వాళ్ల కష్టానికి బ్యాంకు అప్పు పుట్టింది అప్పుడే.

సోలాపూర్‌లో పెద్ద మిల్లులు ఒకదాని వెంట ఒకటి మూతబడ్డాయి. దుప్పట్లు, టెర్రీ తువ్వాళ్లు నేసే మరమగ్గాలు నిలిచాయి. 2005-06లో సోలాపూర్ దుప్పటికి, తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ మగ్గాల కష్టం తీరలేదు. మిల్లు గేటు బంద్ అయితే దాని ఎదుటి ఖానావళి ఎట్లా నడుస్తది? మటన్ ఖానావళులు మాత్రం నేటికీ కిటకిటలాడుతున్నాయి. ఎర్రటి రస్సాలో రొట్టె ముంచుకుని తినే ఆ రుచి కోసం పుణె నుంచి కూడా వస్తారు. కూలోళ్ల కోసం నడిచిన చిన్న ఖానావళిని తలుచుకునేవాళ్లే తగ్గిపోయారు.

సార్డీనియాలో మన చెల్లెలు

ఇటలీ పేరెత్తితే సోలాపూర్ జనం గుర్తుపెట్టుకోవాల్సింది పిజ్జాను కాదు, సార్డీనియా దీవి రొట్టెను. దాని పేరు 'పానే కరసావు'. గొర్రెల కాపర్లు నెలల తరబడి కొండల్లో తిరుగుతారు గనుక, పాడవకుండా ఉండేలా అక్కడి ఆడవాళ్లు కనిపెట్టిన రొట్టె. పలచగా ఒత్తి పొయ్యిలో పెడితే బూరెలా పొంగుతుంది. దాన్ని రెండు పొరలుగా చీల్చి మళ్లీ కాలుస్తారు. కొరికితే కరకరమంటుందని దానికి 'సంగీత కాగితం' అని ముద్దు పేరు. ఇంకో ముచ్చటేమిటంటే, దాన్నే వేడి రసంలో ముంచి, టమాటా గుజ్జు, జున్ను, గుడ్డు వేసి 'పానే ఫ్రత్తావు' అని వడ్డిస్తారు.

ఇది వింటే సోలాపూర్ ఇల్లాలు 'మా కడక్ భాక్రీయే కదా' అంటుంది. అవును, అదే పని. జొన్నపిండిని వేడినీళ్లతో మర్దించి, పలచగా తట్టి, పెనం మీద రెండు వైపులా కాల్చి, ఆపై సన్నని సెగకు ఆనించి తడి ఆరిపోయేదాకా ఉంచుతారు. అప్పడంలా గట్టిపడుతుంది. నెలలు నిల్వ ఉంటుంది. పప్పుచారులోనో, మటన్ రస్సాలోనో నలుపుకుని తినాలి. సజ్జ రొట్టె అయితే పైన నువ్వులు చల్లుతారు. తోడుగా షేంగా చట్నీ. వేయించిన పల్లీలు, ఎల్లిపాయ, కారం వేసి రోట్లో నూనె ఊరేదాకా దంచేది. పల్లి, మిరప మన నేలవి కావు, ఇటలీ టమాటాలాగే 1492 తర్వాత అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవే. జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. ఎక్కడెక్కడివో కలిసి మన కంచంలో సొంతమయ్యాయి. మరి పిజ్జా వచ్చి కూర్చుంటే అంత బెంగెందుకని కుర్రాళ్లు అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

బీడీ నుంచి భాక్రీకి

బెంగ ఉండాల్సింది వేరే చోట. బీడీ పని సన్నగిల్లుతోంది. 2016లో కట్ట మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ తప్పనిసరైంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీపై 28 శాతం పన్ను పడింది. తల్లి చుట్టిన బీడీ బిడ్డ చుట్టనంటోంది. ఒంటికీ మంచిది కాని ఆ పని పోతే పోనీ అనుకున్నా, బదులు ఏం చేయాలన్నది ఇంటింటి ప్రశ్న. చాలామంది ఆడవాళ్లు ఇప్పుడు రొట్టె వైపు చూస్తున్నారు. పొదుపు సంఘాలుగా కూడి కడక్ భాక్రీ, షేంగా చట్నీ పొట్లాలు కట్టి పుణె, ముంబయి పంపుతున్నారు. 2016లో జిల్లాలోని మంగళవేఢా జొన్నకు భౌగోళిక గుర్తింపు రావడం, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడం వీరికి కలిసొచ్చిన సంగతులు.

చిక్కంతా ధర దగ్గర. మైదాపిండి మీద జున్ను చల్లిన రొట్టెకు వందలు పోసే గిరాకీ, రెండు సార్లు సెగ తగిలిన జొన్న రొట్టెకు పది రూపాయలు ఎక్కువ చెబితే బేరమాడుతుంది. పెనం ముందు గంటలు కూర్చునే మనిషి కూలీ ఆ ధరలో ఎవరికీ కనబడదు. జొన్న రొట్టె మీదే జున్ను, కూరగాయలు పరిచి పిజ్జాగా అమ్మే ప్రయోగాలూ మొదలయ్యాయి. నిలబడితే మంచిదే.. లాభం పెనం దగ్గరి చేతికి చేరితే!

వాడలూ మారుతున్నాయి. కుంభారిలో బీడీ కార్మిక మహిళల కోసం కట్టిన గోదుతాయి పరులేకర్ కాలనీలో 10 వేల ఇళ్లు 2006లో అందాయి. ఆడం మాస్టర్‌గా పేరుబడ్డ నర్సయ్య ఆడం పోరాటం దాని వెనుక ఉంది. అక్కడే రేనగర్‌లో తలపెట్టిన 30 వేల ఇళ్లలో 15 వేలు 2024 జనవరి 19న అప్పగించారు. పాత పేటలకు దూరంగా ఉన్న ఆ కొత్త కాలనీల్లో ఇప్పుడు సాయంత్రం బండి మీద ఏం దొరుకుతుందన్నదే పిల్లల మొదటి ప్రశ్న. నూడుల్స్, మంచూరియా పక్కన పిజ్జా బండి చేరడానికి ఎన్నాళ్లో పట్టదు.

వెళ్లేవారికి..

జహీరాబాద్ దాటి 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉమర్గా మీదుగా సోలాపూర్ చేరవచ్చు. రాఖీ పౌర్ణమి నాడు మార్కండేయ రథోత్సవానికి వెళ్తే తూర్పు భాగమంతా మన తెలుగే. ఆ రోజు హోటళ్లలో చోటు దొరకడం కష్టం, బంధువుల ఇల్లుంటే అక్కడ తినడమే మేలు. తిరిగొచ్చేటప్పుడు కడక్ భాక్రీ కొంటే సంచిలో అన్నిటికీ పైన పెట్టుకోవాలి. కింద పెడితే ఇంటికి చేరేసరికి పొడే మిగులుతుంది.