తొమ్మిదో తరగతి ఎక్కడ చదివిస్తున్నారు?

గల్ఫ్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే పిల్లల బోర్డు మాట రాక మానదు. అడ్మిషన్ల పనిలో ఉన్నవాణ్ని కాబట్టి మన సంఘం కమిటీ ఆ సంగతి నన్ను రాయమంది.

నీట్, జేఈఈలకు దగ్గరి దారి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చెప్పే సీబీఎస్‌ఈ. ఐసీఎస్‌ఈలో ఇంగ్లీషుకు రెండు పేపర్లు, సైన్సుకు మూడు. ఇంటర్‌లో రెండేళ్లూ పబ్లిక్ పరీక్షలే. సీబీఎస్‌ఈ పదకొండో తరగతికి బడే పరీక్ష పెడుతుంది. కేంబ్రిడ్జి ఎ-లెవెల్ జూన్ పరీక్షల ఫలితాలు ఆగస్టులో వస్తాయి. సాధారణంగా ఆపాటికి ఐఐటీ సీట్ల కేటాయింపు ముగిసిపోతుంది.

అసలు గండం బోర్డులో లేదు. రాజ్యాంగం 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన దగ్గర 85 శాతం సీట్లు స్థానికులవి. ఊళ్లో ఇల్లూ పొలమూ ఉన్నంత మాత్రాన స్థానికత రాదు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా, అక్కడ చదివి ఉండాలి. ఇక్కడి బడిదీ సీబీఎస్‌ఈ సిలబసే, అయినా ఈ చదువు ఆ లెక్కలోకి రాదు. పది దాకా ఇక్కడే చదివిన మా తమ్ముడి కూతురు హైదరాబాదులో ఇంటర్ చేసి మంచి ర్యాంకే తెచ్చుకుంది. ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌లో నాన్-లోకల్ అన్నారు. తాతముత్తాతలది కరీంనగరే! తెలంగాణ వైద్య సీట్లకు ఈ నాలుగేళ్ల నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఎనిమిది పూర్తయ్యేలోపే తేల్చుకోండి. ఏటేటా స్టడీ సర్టిఫికెట్లు తీసి దాచండి.

జేఈఈ దారి వేరు. ఎన్‌ఐటీల్లో సొంత రాష్ట్రపు కోటాకు పన్నెండు ఎక్కడ పాసయ్యారో చూస్తారు. విదేశంలో పాసైన భారతీయ విద్యార్థికైతే పాస్‌పోర్టులోని ఇండియా శాశ్వత చిరునామాయే ఆధారం. అక్కడ మన ఊరు ఉందో లేదో ఇవాళే చూడండి. ఎప్పుడో ఉద్యోగం చేసిన ముంబై అద్దె ఇల్లు ఉంటే పిల్లవాడు మహారాష్ట్ర లెక్కలోకి వెళతాడు.

ఇంకొక మాట. 2018 చట్టంతో తెలంగాణలో బోర్డు ఏదైనా పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయింది. అక్షరాలు రాని పిల్లలు తిరిగి వెళ్లి అవస్థ పడటం దేనికి? సీబీఎస్‌ఈలో తెలుగు ఉంది: ఆంధ్రప్రదేశ్‌కు 007, తెలంగాణకు 089 కోడ్. ర్యాంకుల్లో మన పిల్లలు ఎవరికీ తీసిపోరు. సొంత భాషలో మాత్రం వెనకబడితే మనకే చిన్నతనం. అడిగేవాళ్లు ఉంటేనే బడులు టీచరును పెడతాయి. మీ పిల్లల బడికి సంఘం తరఫున అర్జీ రాసిస్తాం, సంతకాలకు మీరు రండి.