కోరాపుట్: జ్వరానికి భయపడి కట్టుకున్న కచేరీ ఊరు

ఊరు పుట్టడానికి మనవాళ్లు చెప్పే కారణాలు మూడు నాలుగే: కోట, గుడి, రేవు, సంత. దక్షిణ ఒడిశాలోని కోరాపుట్‌కు వీటిలో ఏదీ సరిగ్గా అతకదు. అక్కడి గుట్టమీద జగన్నాథుడి ఆలయాన్ని చూసినవారు ఇదేదో పాత క్షేత్రం కాబోలనుకుంటారు. ఆ గుడి ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో వెలసింది. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే రైలుదారి 1960లలో వచ్చింది. సునాబెడలోని విమాన ఇంజన్ల కర్మాగారం, దామన్‌జొడిలోని అల్యూమినా కర్మాగారం స్వాతంత్ర్యం తరువాతివే. వీటన్నిటినీ పక్కకు తీసి చూస్తే మిగిలేది ఒక కచేరీ, ఒక పోలీసు ఠాణా, వాటిని అంటిపెట్టుకున్న కొన్ని ఇళ్లు, ఒక దారి. ఈ కాస్తా ఆ కొండమీదికి ఎందుకు వచ్చిందో, వెంట ఎవరిని తెచ్చిందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. కోరాపుట్, జయపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో పుట్టిన విద్యార్థులకు ఇది తాతముత్తాతల కథ కూడా.

ముందు పేరు సంగతి. కోరాపుట్ అంటే ముషిణి చెట్ల పల్లె అని పాత జిల్లా గ్రంథాలు అర్థం చెప్పాయి. మొదటి భాగం విషయంలో పట్టుబట్టనక్కరలేదు గాని రెండో భాగం గట్టిది. పుట్టు, పుట్ అన్నవి ఈ పీఠభూమి మీద పల్లెకు పేరు. సరిహద్దుకు ఇవతల ఆంధ్రప్రదేశ్‌లోనూ ముంచింగిపుట్టు వంటి ఊళ్లున్నాయి. దీన్ని మన 'పుట్ట'తోనో 'పుట్టుక'తోనో ముడిపెట్టి తెలుగుమాట చేసేయాలన్న ఉబలాటం కొందరిలో ఉంది, అది వద్దు. సాలూరు నుంచి కోరాపుట్‌కు వెళ్లే దారిలో ఊళ్ల పేర్లు వింటూ పోతే సంగతి తెలుస్తుంది. కింద ఉన్నంతసేపు 'వలస'లు తగులుతాయి: ఫలానివానివలస, ఫలానివలస. కనుమ ఎక్కగానే అవి తగ్గిపోయి 'గుడ'లు, 'పుట్'లు మొదలవుతాయి. సెమిలిగుడ, కోరాపుట్ అలాంటివే. వలస అన్న మాటలో వచ్చి కుదురుకున్నవాళ్ల జ్ఞాపకం ఉంది. పైన ఊరి పేర్లు పెట్టినవాళ్లు వేరు.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కోరాపుట్ జయపురం జమీందారీలో ఎవరూ లెక్కచేయని పల్లె. ఆ రాజుల తొలి రాజధాని దానికి దక్షిణాన ఉన్న నందపురం. ముప్పై రెండు మెట్ల సింహాసనం శిథిలాలు ఇప్పటికీ అక్కడ చూపిస్తారు. పదిహేడో శతాబ్దం నడుమ రాజధాని జయపురానికి మారింది. కుంఫిణీవారు 1803లో ఈ జమీందారీకి ఏటా 16,000 రూపాయల పేష్కష్ ఖాయం చేసి, ఆపైన దాదాపు అరవై ఏళ్లు కొండల జోలికి పెద్దగా రాలేదు. డబ్బు అందితే చాలు. కొండ మీద న్యాయమూ శిక్షా రాజువి, రాజు పేర ఊళ్లు ఇజారాకు తీసుకున్న ముస్తాజర్లవి.

ఈ ఉదాసీనతకు గండి పడింది కోరాపుట్ దగ్గర కాదు, ఉత్తరాన కోదుల కొండల్లో. గుంసూరు యుద్ధం సందర్భంగా 1836లో రస్సెల్ అనే అధికారి పంపిన నివేదికలతో కోదుల నరబలి, అంటే మెరియా ఆచారం, మద్రాసు ప్రభుత్వం దృష్టికి వచ్చింది. 1839లో 24వ చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ భాగాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించారు. అక్కడ జిల్లా కలెక్టరే గవర్నరుగారి ఏజెంటు. మనం ఇవాళ్టికీ 'ఏజెన్సీ' అంటున్న మాట పుట్టింది అలా. మెరియాను అణచడానికని ప్రత్యేకంగా పెట్టిన ఏజెన్సీ 1845 నుంచి 1861 దాకా నడిచింది; మాక్ఫర్సన్, క్యాంబెల్ దాని అధికారులు. ఆ పదహారేళ్లలో సర్కారు కొండదారులు నేర్చుకుంది. ఈలోగా జయపురం రాజకుటుంబంలో తండ్రీకొడుకుల కలహాలు ముదిరాయి. 1860లో వృద్ధ రాజు విక్రమదేవు చనిపోగా, 1863లో సర్కారు తన మనుషులను నేరుగా జయపురంలో దింపింది. స్మిత్ అనే లెఫ్టినెంటు అసిస్టెంటు ఏజెంటుగా వచ్చాడు, వెంట కొత్త పోలీసు వచ్చింది.

వచ్చినవాళ్లు జ్వరాలపాలయ్యారు.

జయపురం ఊరు చుట్టూ చెరువులు, వరిమళ్లు. జగన్నాథసాగరం ఒక్కటి చాలు ఆ ఊరి నీటి వాలకం చెప్పడానికి. దొరలూ బంట్రోతులూ ఒకరి తరువాత ఒకరు మంచమెక్కుతుంటే కచేరీ నడిచే దారి లేకపోయింది. జ్వరానికి కారణం పల్లపు నేలల్లో తేమ నుంచి లేచే చెడుగాలి అని అప్పటి వైద్యుల నమ్మకం. ఆ నమ్మకం ప్రకారం మందు ఒకటే: ఎత్తుకు పోవడం. జయపురం సముద్రమట్టానికి 2,000 అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. అక్కడికి సుమారు 14 మైళ్ల దూరంలో, మరో 700, 800 అడుగుల ఎత్తున కోరాపుట్ పల్లె ఉంది. చెట్లు తక్కువ, గాలి ధారాళం, సాలూరు దారి మీదే ఉంది. 1870లో స్పెషల్ అసిస్టెంటు ఏజెంటు కచేరీని, పోలీసు సూపరింటెండెంటు కచేరీని అక్కడికి మార్చారు. రాజు మాత్రం జయపురంలోనే ఉండిపోయాడు. రాజు కింద, దొర పైన. ఈ రెండు ఊళ్ల మధ్య పోటీ ఇవాళ్టికీ పూర్తిగా పోలేదని అక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు.

జ్వరం సంగతి ఇక్కడితో అయిపోలేదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే చూశాడు. ఆ తరువాత పెర్రీ అనే సైనిక వైద్యుడు జయపురం కొండల్లో తిరిగి, అక్కడ మలేరియా ఏడాది పొడుగునా తిష్ఠ వేసుకున్న తీరును 1914లో ప్రచురించాడు. ఈ కొండల్లో జ్వరం మోసే ముఖ్యమైన దోమ, అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్, నిలవనీటి చెరువుల్లో కాదు, మెల్లగా పారే తేట వాగుల్లో పెరుగుతుంది. అంటే ఎత్తుకు పోయినకొద్దీ దాని పుట్టింటికి దగ్గరవుతామన్నమాట! కచేరీని చెరువుల పక్క నుంచి తీసి వాగుల పక్కన పెట్టారు. కోరాపుట్ బదిలీ అంటే గుమస్తాలు హడలిపోవడం ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలాకాలం సాగింది. ఒక ఊరి పునాది ఒక తప్పు సిద్ధాంతం మీద పడటం, ఆ సిద్ధాంతం పోయినా ఊరు నిలవడం చరిత్రలో అరుదేమీ కాదు.

ఇక దారి. ఇది కచేరీకన్నా పాతది. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా పైకి, అక్కడి నుంచి జయపురం, దానికి అవతల బస్తరు. కోస్తాలో పండే ఉప్పు కొండల్లో పండదు. ఉప్పు లేనిదే కొండలో చోళ్ల అంబలి దిగదు. అందువల్ల లంబాడీలు కంట్లాలు వేసిన పెరికెడ్ల మందలను తోలుకుంటూ ఎండాకాలపు నెలల్లో ఈ కనుమలు ఎక్కేవారు. ఉప్పు పైకి, ధాన్యం, వలిసెలు, పసుపు, చింతపండు, మైనం, లక్క కిందికి. 1805 నుంచి మద్రాసు రాజధానిలో ఉప్పు సర్కారు గుత్తసొమ్ము. కనుక కొండవాడు సర్కారు మొహం చూడకముందే, ఉప్పు ధరలో సర్కారుకు పన్ను కడుతూనే ఉన్నాడు. కచేరీ వచ్చాక దారిని వెడల్పు చేసి బండ్లు ఎక్కేలా బాగుచేశారు. బండి ఎక్కడం మొదలయ్యాక పెరికెద్దు వెనకబడింది, లంబాడీల చేతిలోని బేరం దుకాణదారుల చేతికి మారింది.

ఇక్కడికి వచ్చేసరికి మనవాళ్ల ప్రసక్తి తప్పదు. కోరాపుట్ విశాఖపట్నం జిల్లాలోది. కచేరీలో రాతపని చేసేవారు ఎక్కువమంది కోస్తా నుంచి వచ్చిన తెలుగువారు. ఠాణాలోనూ, తపాలాలోనూ, దుకాణంలోనూ అంతే. కొండమీద పలికే భాషలు చూస్తే కువి, గదబ, పరజి, కూబి, ఇంకా ఎన్నో. వీళ్లంతా సంతలో ఒకరితో ఒకరు మాట్లాడుకునేది దేశియా అనే స్థానిక ఒరియాలో. కాగితం మాత్రం ఆ భాషల్లో వేటిలోనూ లేదు. ఒక గదబ రైతు తన భూమి తగాదా చెప్పుకోవాలంటే తన ఇంటి మాటను దేశియాలోకి, దాన్ని ఎవరో తెలుగులోకి, గుమస్తా ఇంగ్లీషులోకి మార్చాలి. మూడు మెట్లు దిగేసరికి ఆ మాటలో ఎంత మిగిలి ఉంటుందో భాషాశాస్త్రం చదివినవారు ఊహించగలరు.

మెట్టుమెట్టుకూ ఎవరికో ఒకరికి లాభం ఉండేది. ఏజెన్సీలో మైదానపు వర్తకులు, వారిలో తెలుగు కోమట్లూ సారా కాచే ఒరియా సొండీలూ ముఖ్యులు, అప్పులిచ్చి పంట పట్టుకోవడం, పంట చాలకపోతే పొలం పట్టుకోవడం శతాబ్దపు చివరి పాదంలో బాగా పెరిగింది. సర్కారు కోర్టు రావడంతో నోటికి విలువ వచ్చింది. అంతకుముందు కొండరైతు బాకీ ఎగ్గొట్టి పొరుగు కొండకు పోతే వెంటాడే నాథుడు లేడు. ఇప్పుడు వేలిముద్ర వేసిన కాగితం వెంటాడుతుంది. పొలం కూడా లేనివాడు తన ఒంటినే కుదువపెట్టేవాడు. దీన్ని గొత్తి అన్నారు. పెళ్లికో జరిమానాకో తెచ్చుకున్న చిన్నపాటి అప్పుకు షావుకారు దగ్గర పనికి కుదరాలి. పని వడ్డీకే సరిపోతుంది, అసలు అలాగే ఉంటుంది, తండ్రి పోతే కొడుకు వస్తాడు. దొరలు సంచారం వెళ్లినప్పుడు మూటలు మోసే వెట్టి దీనికి అదనం. నరబలిని మాన్పించామని గర్వంగా రాసుకున్న ప్రభుత్వం గొత్తిని చూసీ చూడనట్టు ఊరుకుంది. మెరియా ఆపడానికి సైన్యం చాలు. గొత్తి ఆపాలంటే తన కచేరీ చుట్టూ ఉన్నవాళ్లనే కదపాలి. మైదానపువాళ్లకు కొండభూమి అమ్మకాన్ని కట్టడి చేసి, వడ్డీకి హద్దు పెట్టిన చట్టం 1917లో గాని రాలేదు. గొత్తిని రద్దు చేసిన ఒడిశా శాసనం 1948 నాటిది.

ఆ భాషలను మొదట కాగితం మీద పెట్టినవారు కచేరీవాళ్లు కారు. జర్మనీలోని బ్రెక్లుం అనే చిన్న ఊరి నుంచి లూథరన్ మిషనరీలు 1880ల తొలి ఏళ్లలో ఈ ప్రాంతానికి వచ్చి సాలూరు, కోరాపుట్, జయపురాల్లో కేంద్రాలు పెట్టుకున్నారు. వారి ఉద్దేశం మతమే, అందులో దాపరికం లేదు. కాని ఆ సంఘానికి చెందిన షుల్జె 1911లో కువి వ్యాకరణాన్ని, 1913లో కువి పదకోశాన్ని వెలువరించాడు. పక్కనే ఉండి తరతరాలు బేరం చేసిన మనకు ఆ పని తోచలేదు. ఒక తెలుగు పండితుడు ఈ కొండల ద్రావిడ భాష ఒకదానికి సమగ్ర వర్ణన రాయడానికి 1969లో భద్రిరాజు కృష్ణమూర్తి కూబి గ్రంథం దాకా ఆగవలసి వచ్చింది. (సవర భాషకు గిడుగు రామమూర్తి చేసిన కృషి ఇంతకన్నా ముందుదే, కాని అది పర్లాకిమిడి వైపు, భాషాకుటుంబమూ వేరు.)

కొండవాళ్లు ఇదంతా మెదలకుండా భరించారనుకోకూడదు. రంప పితూరీ మంటలు 1880లో తమ్మన్నదొర నాయకత్వాన మల్కనగిరి కోయల దాకా వచ్చాయి. శతాబ్దం ముగిసే వేళ, 1900లో, సాలూరు కొండల్లోని కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొర తాను పాండవుల అవతారమన్నాడు. తన కొడుకు కృష్ణుడు, ఇంగ్లీషువాళ్లను తరిమేస్తాను, వెదురుకర్రలు తుపాకులవుతాయి అన్నాడు. వేలమంది గుమిగూడారు. ఇద్దరు పోలీసులు చనిపోయారు. ఆపైన పోలీసులు కాల్పులు జరిపితే పదిమందికి పైగా కొండవాళ్లు కూలారు. మల్లయ్య జైల్లో చనిపోయాడు. ఇది జరిగిన కొండలు కోరాపుట్‌కు ఉప్పుబండ్లు ఎక్కే దారిని ఆనుకుని ఉన్నవే.

ఆ తరువాతి కథ ఇరవయ్యో శతాబ్దానిది, టూకీగా చెప్పుకోవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం ఎస్టేటును విశాఖపట్నం జిల్లా నుంచి విడదీసి కొత్త జిల్లా చేశారు. ముఖ్యపట్టణం రాజధాని జయపురం కాలేదు, కచేరీ ఉన్న కోరాపుటే అయింది. అప్పటి జయపురం మహారాజు విక్రమదేవవర్మ తెలుగులోనూ ఒరియాలోనూ కవి. ఆంధ్ర విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. 1992లో ఆ పెద్ద జిల్లాను కోరాపుట్, రాయగడ, నవరంగపుర్, మల్కనగిరి అని నాలుగు చేశారు. కచేరీ కాగితం క్రమంగా ఒరియాలోకి మారింది. తెలుగు రికార్డు గది నుంచి ఇంటికీ అంగడికీ తిరిగి వచ్చింది. సాలూరు దారి మీద బస్సుల్లో నేటికీ అది వినిపిస్తుంది. కండక్టరు సుంకి దాటేదాకా ఒక భాషలో, దాటాక మరో భాషలో టిక్కెట్లు కొడతాడు.