ఆల్చిప్ప ఏ నీటి జీవి?

ఇంగ్లీషు జంతుశాస్త్ర గ్రంథాలలో ‘మసెల్’ అనే మాట తరచు కనబడుతుంది. దానిని తెలుగులో ‘ముత్యపు చిప్ప’ అంటే సరిపోతుందని కొందరనుకొంటారు. ఆ మాట చదివిన నల్లగొండ విద్యార్థి ఊరి చెరువులో ముత్యాలకోసం వెదికితే అతని తప్పేమున్నది?

చిక్కు ఇంగ్లీషులోనే ఉన్నది. ఆ ఒక్క మాట వేరువేరు జీవులకు చెల్లుతున్నది. ఒకటి సముద్రంలోనిది, దారాలవంటి పోగులతో రాతిని అంటిపెట్టుకొని గుంపులుగా బతుకుతుంది. రెండవది మంచినీటిది, బురదలో సగం కూరుకొని, గొడ్డలి ఆకారపు పాదంతో మెల్లగా దున్నుకొంటూ కదులుతుంది. మన చెరువులలో సాధారణంగా దొరికేది ఈ రెండవదే. దాని శాస్త్రీయనామం లామెల్లిడెన్స్ మార్జినాలిస్. స్పానిషు భాషలో ఈ భేదం మాటలోనే తెలుస్తుంది. సముద్రపు దానిని ‘మెహియోన్’ అంటారు. ఏటిలోని దానిని సాధారణంగా ‘అల్మేహా దె రియో’, అనగా ‘ఏటి అల్మేహా’ అంటారు. కనుక స్పానిషు అనువాదకుడు సైతం ఆ జీవి ఏ నీటిదో ముందు తెలుసుకోక తప్పదు.

మనకు ‘ఆల్చిప్ప’ అనే మాట ఉన్నది. దానిని రాతిమీద అరగదీసి, రంధ్రం చేసి, మామిడికాయల చెక్కు తీయడం మన పెద్దలెరిగినదే. అయితే చిప్ప అంటే ప్రాణి పోయిన తరువాత మిగిలే డొల్ల. నత్త అనగానే పాకే జీవి కన్నులకు కడుతుంది. ఆల్చిప్ప అనగానే ఒడ్డున పడి ఉన్న చిప్ప మాత్రమే తోస్తుంది. లోపలి ప్రాణి మొప్పలతో నీటిని వడగట్టి, అందులోని సూక్ష్మజీవులను తింటుంది. దాని డింభకం కొంతకాలం చేప మొప్పలకో, వాజాలకో అంటుకొని పరాన్నజీవిగా బతకాలి. చెరువులో చేపలు నశిస్తే ఆల్చిప్ప సంతతి కూడ నిలవదు. సముద్రపు మసెల్ డింభకానికి ఈ ఆశ్రయం అక్కరలేదు. నీటిలో స్వేచ్ఛగా ఈదుతుంది. పేర్లు కలిపివేస్తే ఈ రెండు జీవితచరిత్రలూ కలగాపులగమవుతాయి.

కోస్తావారి పీతను మనవైపు ఎండ్రకాయ అంటారు. ఆ తేడా వలన శాస్త్రానికి నష్టం లేదు, జీవి ఒక్కటే. ఇక్కడ సంగతి వేరు. కాబట్టి పాఠంలో ‘మంచినీటి ఆల్చిప్ప’ అని రాసి, పక్కన లాటిన్ పేరు చేర్చడం మేలని నా అభిప్రాయం. సముద్రపు దానికి ‘మసెల్’ అనే ఉంచవచ్చును. తీరపు జాలరుల మాట తెలిస్తే అది ఇంకా మంచిది. ‘ముత్యపు చిప్ప’ను సముద్రంలో ముత్యాలిచ్చే జాతికే వదిలిపెట్టాలి. (మంచినీటి ఆల్చిప్పలలోనూ ముత్యాలు పండిస్తున్నారు, అది వేరే కథ.)

ఎండాకాలం చెరువు నీరు వెనుకకు తీసినప్పుడు ఉపాధ్యాయులు తరగతిని ఒడ్డుకు తీసుకొనిపోవచ్చును. బురదలో గట్టిగా మూసుకొన్న చిప్పను నీటి తొట్టిలో ఉంచి కదపకుండ వేచి ఉంటే, చిప్పలు కొద్దిగా విడి పాదం బయటకు వస్తుంది. చూసిన తరువాత దానిని తిరిగి చెరువులో విడవాలి.