వాచ్ కొవ్వు లెక్క చెబుతోంది సరే.. మరి మెదడు సంగతేంటి?

2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 మీద రెండు వేళ్లు పెడితే ఒంట్లో కొవ్వు శాతం చెప్పేస్తుంది. ఇదే పద్ధతిలో మెదడునూ చూడొచ్చా అని నన్ను చాలామంది అడుగుతుంటారు.

చూడొచ్చు. దాని పేరు ఎలక్ట్రికల్ ఇంపిడెన్స్ టోమోగ్రఫీ, షార్ట్‌గా ఈఐటీ. తల చుట్టూ ఎలక్ట్రోడ్లు అతికించి, మనకు తెలియనంత చిన్న కరెంట్ పంపి వోల్టేజ్ కొలుస్తారు. న్యూరాన్లు పనిచేసేటప్పుడు వాటి పొరలోని అయాన్ దారులు తెరుచుకుని, కరెంట్‌కు అడ్డు కాస్త తగ్గుతుంది. ఆ తేడాలతో కంప్యూటర్ బొమ్మ గీస్తుంది. ఎంఆర్ఐలా గదంత మెషిన్ అక్కర్లేదు, రేడియేషన్ కూడా ఉండదు.

మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల ఎఫ్‌ఈఐటీఈఆర్ పరికరంలో 32 ఎలక్ట్రోడ్లు ఉంటాయి, సెకనుకు 100 సార్లు కొలుస్తుంది. మత్తుమందు ఇచ్చాక స్పృహ పోయే క్షణాల్లో మెదడులో వచ్చే మార్పులను 2011లో దీంతోనే చూపించారు.

మరి మన వాచ్‌లోకి ఎందుకు రాలేదు? పుర్రె వల్ల. ఎముక కరెంట్‌ను సరిగా పోనివ్వదు, చాలా భాగం చర్మం మీదుగానే వెళ్లిపోతుంది. లోపలి నుంచి బయటికి చేరే మార్పు ఒక్క శాతంలో చిన్న వంతే. తల కాస్త కదిలినా అది నాయిస్‌లో కలిసిపోతుంది.

మార్కెట్‌లో దొరికే మెదడు హెడ్‌బ్యాండ్లు చాలావరకు ఈఈజీవి. అవి మెదడు సిగ్నల్స్ వింటాయంతే, లోపలి బొమ్మ చూపవు. "ఇంట్లోనే బ్రెయిన్ స్కాన్" అంటే నేనైతే పర్స్ తీయను. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా గాడ్జెట్ వెతక్కండి. వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి.