తాగుడుతో పోయినవారి కోసం ఏడవవచ్చు

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇంటి మనిషి తాగుడుతో పోతే ‘తాగి పోయాడు’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాటకు జడిసి ఇంట్లోవారు బయటికి ఏడవరు. ‘గట్టిగా అడ్డుపడి ఉంటే బతికేవాడేమో’ అని లోలోపల కుమిలిపోతారు. అలాంటి తల్లులను, భార్యలను మేము వార్డులో ఎందరినో చూశాం.

తాగుడుకు బానిస కావడం, మానసిక కుంగుబాటు రెండూ జబ్బులే. దిగులు మరవడానికి తాగుతారు. మత్తు దిగాక ఆ దిగులు ఇంకా పెరుగుతుంది. ప్రేమ ఒక్కటే దీన్ని నయం చేయలేదు, వైద్యం కావాలి. తెలుగువారంతా ప్రేమించిన నటి సావిత్రి గారు కూడా తాగుడు బారినపడి, నెలల తరబడి స్పృహ లేకుండా ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూశారు. కనుక తప్పు మీది కాదు.

పోయినవారి మీద కోపం వచ్చినా, కాస్త ఊరట కలిగినా సిగ్గుపడకండి. పిల్లల దగ్గర వారి పేరు, వారి మంచి చెప్పుకోండి. నిద్ర, తిండి కరువైనా, బతకాలని లేకపోయినా వెంటనే డాక్టరును కలవండి. 2022లో మొదలైన టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.